మింగని గోళీ

"చంపినోడు లోపల ఉన్నడు, చచ్చినోడు అడవిల ఉన్నడు. గంతే మేడం, కేసు అయిపోయింది," అన్నాడు సీఐ మురళీకృష్ణ, టీ గ్లాసు పక్కకు జరుపుతూ.

"శవం దొరికిందా సీఐ గారూ?" అంది ఉదయశ్రీ.

"దొరుకుతది. అడవి ఏమన్న చిన్నదా? దమ్మపేట దాటితే భద్రాచలం దాక చెట్లే."

"అంటే దొరకలేదు."

"దొరుకుతదన్నగా!"

మురళీకృష్ణకు తాను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అందులోనూ ఉదయశ్రీ కనిపిస్తే ఆ మూడు కాళ్ళ కుందేలును ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. ఆమె ఒకప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టరు. మందుల దుకాణాలు తనిఖీ చేస్తూ చేస్తూ పై అధికారితో పోట్లాడి, ఉద్యోగం మొహాన కొట్టి, ఖమ్మంలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కిందటేడు మురళీకృష్ణ అరెస్టు చేసిన మనిషి నిర్దోషి అని కోర్టులో తేలడానికి కారణం ఆమే. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

ఇప్పుడు కేసు రూప్‌సింగ్‌ది. సత్తుపల్లి దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. బ్లడ్ కేన్సర్ ఉన్నా ఏళ్ళ తరబడి రోజుకో గోళీ మింగుతూ అందరిలాగే డ్యూటీ చేస్తున్న మనిషి. మంగళవారం పొద్దున భద్రాచలం పోయొస్తానని మోటారుసైకిల్ మీద బయలుదేరాడు. బుధవారం అడవి దారిలో బండి దొరికింది, దాని పక్కనే రక్తంలో తడిసిన తువ్వాల దొరికింది. మనిషి లేడు. గురువారం కల్లా మురళీకృష్ణ రూప్‌సింగ్ కొడుకు తిరుపతిని తెచ్చి లాకప్‌లో పడేశాడు. శుక్రవారం రూప్‌సింగ్ కూతురు శ్రావణి, ఖమ్మంలో టీచరు, ఏడుస్తూ ఉదయశ్రీ ఆఫీసు మెట్లెక్కింది.

"కొడుకు ఎందుకు చంపుతాడంటారు?"

"నౌకరి కోసం. తండ్రి సర్వీసుల ఉండంగ పోతే నౌకరి కొడుక్కొస్తది. గీ గనుల దగ్గర చిన్న పోరగాన్ని అడిగినా చెప్తడు. సోమవారం రాత్రి తండ్రీకొడుకులు నౌకరి గురించి కొట్లాడుకున్నరు. తండా తండా విన్నది."

ఉదయశ్రీకి నవ్వు వచ్చింది. ఆపుకోవాల్సింది, ఆపుకోలేదు. "నౌకరి కోసం చంపినవాడు శవాన్ని దాస్తాడా సీఐ గారూ? శవం లేకపోతే చావు లేదు, చావు లేకపోతే నౌకరి లేదు. వాడు చంపి ఉంటే శవాన్ని తెచ్చి మీ స్టేషన్ ముందే పెట్టేవాడు."

స్టేషన్ రైటర్ తల దించుకుని దగ్గాడు. మురళీకృష్ణ మొహం కందిపోయింది. "లాకప్‌ల ఉన్నడు, పోయి మాట్లాడుకోండ్రి. పది నిమిషాలు," అని లేచాడు.

*

తిరుపతి గోడకానుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళవాడు. కళ్ళ చుట్టూ ఉబ్బి, రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి. కానిస్టేబుళ్ళు అది తండ్రిని చంపుకున్నవాడి ఏడుపని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఉదయశ్రీ మాత్రం ఆ మొహం వంకే చూస్తూ నిలబడింది. ఏడ్చిన కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఇవి ఎర్రగా లేవు, నీళ్ళు పట్టినట్టున్నాయి.

"నాన్నతో ఎందుకు పోట్లాడావు?"

"నౌకరి నాకొద్దన్న మేడం. నాకు ఆటో ఉంది, అది చాలు, నువ్వు రిటైర్ అయ్యేదాక చెయ్యమన్న. ఆయన ఇనడు. నువ్వు గని లోపలికి పోవాల్సిందే అని ఒకటే పట్టు. గది కూడ తప్పేనా?"

"ఒంట్లో బాగుందా నీకు?"

వాడు ఆశ్చర్యపోయాడు. లాకప్‌లో పడినప్పటి నుంచి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "ఏమో మేడం. నెల మీదనే అయితుంది, పొద్దున లేస్తే కక్కొస్తది. కాళ్ళు గుంజుతయి. దోస్తులేమో తెల్లగైనవురా, పెండ్లి కళ వచ్చిందంటరు."

ఉదయశ్రీ కడ్డీల మధ్య నుంచి చెయ్యి పెట్టి వాడి ముంజేతిని వెలుతురులోకి తిప్పింది. మోచేతి మీద పాత గాయం మచ్చ చుట్టూ ఉన్న చర్మం నిజంగానే పాలిపోయి ఉంది. ఎండలో ఆటో తోలే కుర్రాడు నెల రోజుల్లో తెల్లబడడమేమిటి? ఆమె మనసులో ఏదో కదిలింది, కానీ ఇంకా చేతికి చిక్కలేదు.

అప్పుడే అనిల్‌కుమార్ వచ్చాడు. గని దగ్గర కార్మికుల లీడర్. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్. రూప్‌సింగ్ కనిపించకుండా పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆయనే, లాయరుతో మాట్లాడేదీ ఆయనే, క్యారియర్ మోసేదీ ఆయనే.

"అమ్మ రాగి జావ పంపింది తిరుపతీ. తాగు."

"వద్దు సార్. చేదుగుంటుంది. యాడి ఈ మధ్య ఏం కలుపుతుందో, నోట్లె పెట్టలేకపోతున్న." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"శొంఠి వేసిందేమోలే. తాగాలె, లేకపోతే ఆమె బాధపడతది. రేపు బయటికొచ్చినంక నౌకరి మెడికల్ పరీక్షకు పోవాలె నువ్వు, ఒంట్ల బలం వద్దా?"

తిరుపతి తాగలేదు. గ్లాసులో పోసిన జావ అలాగే ఉండిపోయింది. ఉదయశ్రీ క్యారియర్ చేతిలోకి తీసుకుని, "నేను చెప్తాలెండి వాళ్ళమ్మకు, నేనక్కడికే పోతున్నా," అంది.

బయట శ్రావణి వరండాలో నిలబడి తన ఫోన్‌లో తండ్రి వీడియో చూస్తోంది. పోయిన వారం మేనమామ కూతురి పెళ్ళిలో తీసినది. రూప్‌సింగ్ డప్పు పక్కన నిలబడి తలపాగా సవరించుకుంటున్నాడు. "చూడండి మేడం, ఎంత మంచిగున్నాడో. మొహంలో ఉబ్బు మొత్తం పోయింది. అందరూ అదే అన్నారు, రోగం తగ్గిందని."

"ఇంతకుముందు ఉబ్బు ఉండేదా?"

"గోళీ మొదలుపెట్టినప్పటి నుంచి ఉండేది. కళ్ళ కింద సంచులు వేలాడేవి. తెల్లబడ్డాడు కూడా. తండాలో ఆయన్ని తెల్ల రూప్‌సింగ్ అని ఎక్కిరించేవాళ్ళు."

ఉదయశ్రీ ఆ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. వీడియోలో ఉన్నది నల్లగా నిగనిగలాడుతున్న మనిషి. మొహం పీక్కుపోయి, దవడలు కనిపిస్తున్నాయి. ఇమాటినిబ్ అనే ఆ మందు ఆమెకు కొత్త కాదు. కళ్ళ చుట్టూ నీరు చేరుతుంది, నల్లని ఒంటికి రంగు తగ్గుతుంది. మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గుర్తులు ఉంటాయి. ఆపితే పోతాయి. రూప్‌సింగ్‌కు రోగం తగ్గలేదు, ఆయన గోళీ మింగడం మానేశాడు. మరి ఆ గుర్తులు కొడుకు మొహం మీదికి ఎలా వచ్చాయి?

ఆమె విసురుగా మళ్ళీ సీఐ గదిలోకి పోయింది. "ఆ తువ్వాల ఒకసారి చూపించండి."

"మీకెందుకు చూపించాలె?"

"చూపించకపోతే రేపు కోర్టులో చూస్తాను. అప్పుడు మీరు ఇంకా ఎక్కువ బాధపడతారు."

మురళీకృష్ణ పళ్ళు కొరుకుతూనే సీలు వేసిన కవరు బల్ల మీద పెట్టించాడు. పారదర్శకంగా ఉన్న ఆ కవరు మీంచే ఉదయశ్రీ తువ్వాలను అటూ ఇటూ తిప్పింది. తువ్వాల నాలుగు మడతలుగా ఉంది. మడత మధ్యలో పక్కపక్కనే రెండు గుండ్రని మరకలు. మడత మడతకూ లోపలికి ఇంకిపోయి, అంచుల దగ్గరికి వచ్చేసరికి పలచబడ్డాయి. ఎక్కడా చిరుగు లేదు, మట్టి లేదు, చిందిన చుక్క లేదు.

"కత్తితో పొడిస్తే మడత పెట్టుకుని రక్తం కారుస్తారా ఎవరైనా? ఇది ముక్కుకు అదిమి పెట్టుకున్న గుడ్డ సీఐ గారూ. ఈ రెండు మరకలూ రెండు ముక్కుపుటాలవి. రోగం ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది, ఆగదు. ఈ మనిషిని ఎవరూ చంపలేదు. బతికే ఉన్నాడు. సాయంత్రంలోపల నేను పట్టుకొస్తాను, ఎవరు దాచారో ఆయన నోటితోనే చెప్పిస్తాను."

గుమ్మంలో నిలబడి అనిల్‌కుమార్ అంతా విన్నాడు. "మీ నోట్ల చక్కెర పొయ్య మేడం," అన్నాడు. అని, లాయరును కలవాలంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఉదయశ్రీ నోరు ఆ రోజు మంచిది కాదు. సీఐ మీద గెలవాలన్న ఉబలాటంలో ఎవరి ముందు ఏం మాట్లాడుతోందో చూసుకోలేదు.

*

తండాలో రూప్‌సింగ్ ఇల్లు రెండు గదుల డాబా. రూప్‌సింగ్ భార్య ద్వాలి గుమ్మంలోనే కూర్చుని ఉంది. చేతినిండా పాత తెల్ల గాజులు, మొహాన నిద్ర లేని నలుపు. కూతుర్ని చూసినా లేవలేదు.

ఉదయశ్రీ ముందు మాట్లాడలేదు, ఇల్లు చూసింది. దేవుడి పటాల పక్క అలమరాలో మందుల డబ్బా. అందులో ఖాళీ అట్టలు రబ్బరు బ్యాండు వేసి పొందికగా ఉన్నాయి. గోళీలు రోజూ అట్టల్లోంచి బయటికి వచ్చాయన్నమాట. వంటింట్లో పొయ్యి పక్క ఇత్తడి రోలు. దాని అడుగున వేలు పెట్టి రాసి చూసుకుంటే ఇటుకరంగు పొడి అంటింది. నాలుక చివర పెట్టుకుంటే కటిక చేదు. శొంఠి కాదు అది.

ఆమె క్యారియర్ మూత తీసి జావ గ్లాసులో పోసింది. తెచ్చి ద్వాలి ముందు పెట్టింది.

"తాగు ద్వాలమ్మా."

ద్వాలి గ్లాసు వంక చూసింది. చెయ్యి చాపలేదు.

"నీ కొడుకు తాగలేదు. నువ్వైనా తాగు, పారబొయ్యడం ఎందుకు?"

"ఆకలి లేదు మేడం."

"ఆకలి లేక కాదు. అందులో మీ ఆయన గోళీ ఉంది. ఆయన మింగనిది రోట్లో నూరి కొడుకు జావలో కలుపుతున్నావు. ఎందుకు?"

శ్రావణి "యాడీ!" అని అరిచింది. ద్వాలి మాత్రం అరవలేదు, ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఆయనకు రిటైర్‌మెంటు దగ్గరకొచ్చింది. సర్వీసు మిగిలుండంగనే కంపెనీ డాక్టర్ల బోర్డు పనికి రాడని రాస్తెనే పిల్లగానికి నౌకరి వస్తది. రెండుసార్లు బోర్డుకు పోయిండు. రెండుసార్లు వాపసు పంపిన్రు. నీకేమైందయ్యా, నీ రక్తం మాకన్న మంచిగున్నది, పోయి డంపర్ తోలుకో అన్నరు. గోళీ గంత మంచిగ పని చేసింది మేడం. అదే మాకు శాపమయింది."

"అందుకని గోళీ ఆపాడు."

"అవ్. కొన్ని నెల్లు ఆపు, రక్తం చెడిపోతది, బోర్డు రాసిస్తది, ఆ తెల్లారి నుంచి మళ్ళ మింగు అన్నరు. వచ్చే సోమారమే బోర్డు. పెండ్లిల చూసినంక శ్రావణి అనుమానపడి దవాఖానకు గుంజుకపోతదేమోనని, సోమారం దాక అడవిల ఉండమన్నరు. పిల్లగాన్ని పట్టుకపోయినా నోరు తెరవకు, సోమారం ఆయన కనపడంగనే ఇడిచిపెడతరన్నరు."

"మరి తిరుపతికి ఎందుకు పెట్టావు?"

"నౌకరి ఎక్కేటప్పుడు వానికీ రక్త పరీక్ష ఉంటది గద. తండ్రి రక్తమే గద మేడం కొడుకుది. తండ్రి రోగం వాని రక్తంల కూడ దాగుంటదన్నరు. ముందే గోళీ పోస్తే పరీక్షల కనపడదన్నరు. పారేసేటి గోళీలే గద, పిల్లగానికన్న పనికొస్తయని..." ఆమె ఆగింది. "మేం తప్పు జేసినమా?"

ఉదయశ్రీకి కోపం ముంచుకొచ్చింది, ఆ వెంటనే ఎవరి మీద కోపపడాలో తెలియలేదు. కొడుక్కి విషం పెట్టే తల్లుల్ని పట్టుకోవడం తేలిక. ప్రేమతో చేదు కలిపిన తల్లికి ఏ సెక్షను పెడతారు? ఆమె కింద కూర్చుంది.

"ద్వాలమ్మా, నేను చెప్పేది విను. ఈ రోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాదు. మీ ఆయన మూలుగలో, పెద్దయ్యాక, ఒక తప్పు స్విచ్ పుట్టింది. అది పడితే ఆగదు, తెల్లకణాలు పుడుతూనే ఉంటాయి. ఈ గోళీ పోయి ఆ ఒక్క స్విచ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. స్విచ్ పోదు, పట్టుకున్నంతసేపు పని చెయ్యదు. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు. అందుకే రోజూ మింగాలి. రక్తం బాగుందంటే రోగం పోయిందని కాదు, గోళీ కాపలా ఉందని."

"మరి మళ్ళ మింగితే?"

"ఆపిన కొన్ని నెలల్లో అది ముదిరి, ఇంకో రూపం ఎత్తితే, అదే గోళీకి మళ్ళీ లొంగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముక్కులోంచి రక్తం అందుకే. సోమవారం దాకా ఆగే పని కాదు, ఇవాళే పెద్ద దవాఖానాలో ఉండాలి. ఇక తిరుపతిది మంచి రక్తం. వాడి ఒంట్లో ఆ స్విచ్చే లేదు. పట్టుకోవడానికి ఏమీ దొరకని గోళీ వాడి మంచి రక్తాన్నే తగ్గిస్తుంది. ఇట్లాగే పోస్తే వాడు ఆ పరీక్షలో తప్పకుండా తప్పుతాడు."

ద్వాలి రెండు చేతులతో తల పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. శ్రావణి తల్లిని తిట్టబోయి, ఆమె భుజం మీదే మొహం పెట్టుకుని తానూ ఏడ్చింది.

"అన్నరు, అన్నరు అంటున్నావు. ఎవరన్నారు?"

"అనిల్ సార్."

కంచే చేను మేయడం ఉదయశ్రీ చాలా చూసింది గానీ, మేసిన కంచె చేతికే తాను పొద్దున తాళాలిచ్చి వచ్చింది.

"మీ ఒక్కరికేనా?"

"లేదు మేడం. నౌకరొస్తే తనకు పైసలియ్యాలన్న మాట మీద, ముందుగాల ఇంకిద్దరికి చెప్పిండు. వాళ్ళూ గోళీలు బంద్ చేసిన్రు."

"వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?"

"చచ్చిపోయిన్రు." ద్వాలి కళ్ళు తుడుచుకుని, ఇంకా ఆ లెక్క వదలలేనిదానిలా అంది, "పిల్లలకు నౌకర్లయితే వచ్చినయి మేడం."

అనిల్‌కుమార్‌కు బోర్డుతో పనే లేదని ఉదయశ్రీకి అప్పుడు అర్థమైంది. మనిషి బతికి బోర్డుకు పోతే రాస్తారో రాయరో తెలియదు. సర్వీసులో ఉండగా చస్తే ఎవరూ కాదనలేరు. ఇప్పుడు రూప్‌సింగ్ బతికి దవాఖానాకు చేరితే ఆయన నోట మొదట వచ్చే పేరు అనిల్‌కుమార్‌ది.

"రూప్‌సింగ్ ఎక్కడున్నాడు? జల్దీ చెప్పు!"

"జంపక్క ఇంట్ల. తునికాకు కోసేటప్పటి నుంచి నాకు దోస్తు. కోయ గూడెం, వాగు అవతల. ముక్కుల రక్తం కారుతుంటే బండి తోలలేక ఆడనే పెట్టి నడుచుకుంట పోయిండు."

"అనిల్‌కు ఆ ఇల్లు తెలుసా?"

"ఆయనే గద ఆడ ఉండమన్నది."

ఉదయశ్రీ అప్పటికే సీఐకి ఫోన్ కలిపింది. మురళీకృష్ణ మొదటి రింగుకే ఎత్తాడు. వెనక జీపు చప్పుడు.

"సీఐ గారూ, అనిల్‌కుమార్‌ని ఆపండి. రూప్‌సింగ్ కోయ గూడెంలో..."

"మీరు ఆలస్యం మేడం!" ఆయన గొంతులో గెలుపు పొంగిపొర్లుతోంది. "సాయంత్రం దాక పట్టుకొస్తనన్నరు గద? మాకు దొరికిండు. అనిల్‌కుమార్ ఇప్పుడే ఫోన్ జేసిండు. వాగు ఒడ్డున రూప్‌సింగ్ శవం పడి ఉందని గూడెపోళ్ళు చెప్పిన్రంట. ఆయన ముందు పోయి చూస్తనన్నడు. మేం పంచనామాకు బయలెల్లినం. నేను చెప్పలే, శవం దొరుకుతదని?"

"శవాన్ని ఆయన చూశాడా?"

"ఇంకా లేదు, దారిలనే ఉన్నడు. అయితే ఏంది?"

ఫోన్‌లోంచి బయటికి వినిపిస్తున్న ఆ మాటలకు శ్రావణి తల్లిని పట్టుకుంది.

అంతలో ద్వాలి ఒళ్ళో ఉన్న చిన్న ఫోన్ మోగింది. జంపక్క నంబరు. ఉదయశ్రీ దాన్ని తీసుకుని స్పీకర్ నొక్కింది. అవతల లంబాడీలో ఒక మగ గొంతు, బలహీనంగా, మధ్యమధ్య దగ్గుతూ మాట్లాడింది. తండా పిల్లలతో కలిసి చదువుకున్న ఉదయశ్రీకి ఆ భాష బాగానే అర్థమవుతుంది.

"ద్వాలీ, నేనే. జంపక్క అడవికి పోయింది, ఫోన్ ఇంట్లనే ఉంది. రక్తం ఆగుతలేదు. అనిల్ సార్ కారేసుకొని వచ్చిండు, దవాఖానకు తీసుకపోతనంటుండు. వాగు పక్క దారిల పోదామంటుండు. మంచి మనిషి... లేపుతుండు నన్ను."

ఉదయశ్రీ రెండో చేతిలోని ఫోన్‌లో సీఐ ఇంకా "హలో, హలో" అంటూనే ఉన్నాడు. ఆమె రెండు ఫోన్లనూ పక్కపక్కన పట్టుకుంది. "విన్నారా సీఐ గారూ? మీ శవం మాట్లాడుతోంది. జీపు తొక్కించండి!"

ద్వాలి ఫోన్ మీదికి వంగి, తండా అంతా వినేలా అరిచింది. "ఎక్కకు! కారు ఎక్కకు! నౌకరి వద్దు, ఏమొద్దు, నువ్వు బతకాలె! ఎక్కకు!"

కారు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, చాలా దగ్గరగా, తీరిగ్గా, తెలుగులో అనిల్‌కుమార్ గొంతు.

"ఎవరితోని రూప్‌సింగ్? ఇట్లియ్యి ఆ ఫోను."